గ్రామ్ స్టెయిన్‌లో గులాబీ కడ్డీలు, 16ఎస్‌లో బాసిల్లస్: దేన్ని నమ్మాలి?

దోసెపిండి_డి3 · బెంగళూరు

దుకాణాల్లో అమ్మే ప్యాకెట్ దోసెపిండి నుంచి తీసిన ఐసొలేట్లలో (విడదీసి పెంచిన బాక్టీరియాల్లో) డి3 ఒక్కటి ఎటూ తేలడం లేదు. గ్రామ్ స్టెయిన్ (కణం ఊదా అయితే పాజిటివ్, గులాబీ అయితే నెగటివ్) ఒకటి చెబితే, 16ఎస్ (బాక్టీరియాని గుర్తించడానికి చదివే జన్యువు) ఇంకొకటి చెబుతోంది. వివరాలన్నీ ఇస్తున్నాను, తెలిసినవాళ్ళు చూసి చెప్పండి.

న్యూట్రియంట్ అగర్ మీద 37 డిగ్రీల్లో 24 గంటలకి గుండ్రటి, మెరిసే, జిగట కాలనీలు. మూడో రోజుకి కొన్నిటి అంచులు పొడిబారి ముడతలు పడ్డాయి. ఆ మూడో రోజు ప్లేటు నుంచే గ్రామ్ చేశాను: ఎక్కువగా గులాబీ రంగు పొట్టి కడ్డీలు, అక్కడక్కడా ఊదా రంగు పొడుగు కడ్డీలు. ఇక గుర్తింపు కోసం చేసే రసాయన పరీక్షలు: కాటలేజ్ పాజిటివ్. ఆక్సిడేజ్ 25 సెకన్లకి లేత నీలం (నైక్రోమ్ లూప్‌తో తీశాను). ఇండోల్ నెగటివ్, ఎంఆర్ (మిథైల్ రెడ్) నెగటివ్, వీపీ (వోగెస్-ప్రోస్కౌర్) పాజిటివ్, సిట్రేట్ పాజిటివ్. టీఎస్ఐలో (మూడు చక్కెరలూ ఇనుమూ ఉన్న అగర్ ట్యూబు) స్లాంటూ (ఏటవాలు పైభాగం) అడుగూ రెండూ పసుపు, నలుపు లేదు, అగర్ అడుగు నుంచి పైకి లేచింది.

రెండు నెలల తర్వాత ఫ్రిజ్‌లో ఉన్న స్లాంట్ నుంచి న్యూట్రియంట్ బ్రాత్‌లో పెంచి, లైసోజైమ్ (కణం గోడని తెంచే ఎంజైమ్) స్టెప్ ఉన్న కిట్‌తో డీఎన్ఏ తీశాను. 16ఎస్ జన్యువుకి 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో పీసీఆర్, 27ఎఫ్ ఒక్కదానితోనే సీక్వెన్సింగ్. 720 బేసులు వచ్చాయి. బ్లాస్ట్‌లో (తెలిసిన సీక్వెన్సులతో పోల్చే సాధనం) బాసిల్లస్ సబ్‌టిలిస్ 99.6 శాతం, బాసిల్లస్ వెలెజెన్సిస్ కూడా ఇంచుమించు అంతే. క్రొమాటోగ్రామ్‌లో (సీక్వెన్సింగ్ మెషిన్ ఇచ్చే పీకుల గ్రాఫు) చాలాచోట్ల పెద్ద పీక్ కింద చిన్న పీక్ కనిపిస్తోంది.

గైడ్ గారు జాతి (స్పీషీస్) పేరు రాయమంటున్నారు. ముదిరిన బాసిల్లస్ గులాబీగా కనిపిస్తుందని చదివాను, ఇది అదేనా? ఇంకో సంగతి, సంబంధం ఉందో లేదో తెలియదు: ఆ బ్రాత్ బ్యాచ్‌లో ఏమీ వేయకుండా ఉంచిన పది ట్యూబుల్లో రెండు రెండో రోజుకి మబ్బుగా అయ్యాయి.

వేపచెట్టు · బెంగళూరు

మూడో రోజు ప్లేటు నుంచి గ్రామ్ చేయడమే తప్పు. బాసిల్లస్ గుంపు 24 గంటలు దాటితే సెల్ గోడ అక్కడక్కడా తెగుతుంది. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్ కలిసి కట్టిన ముద్ద ఆల్కహాల్ తగలగానే బయటికి జారిపోతుంది, కణం సఫ్రనిన్ రంగు పట్టుకుంటుంది. ఒకే ఫీల్డులో గులాబీ, ఊదా రెండూ కనిపిస్తే నేను ముందు దీన్నే అనుమానిస్తాను.

16 నుంచి 18 గంటల కల్చర్‌తో మళ్ళీ చేయండి. స్మియర్ పలచగా ఉండాలి, ఆరిన తర్వాత స్లైడు కింద పేపరు పెడితే అక్షరాలు చదవగలగాలి. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, నీళ్ళు, అయోడిన్ ఒక నిమిషం, నీళ్ళు. స్లైడుని ఏటవాలుగా పట్టుకుని 95 శాతం ఇథనాల్ చుక్కచుక్కగా వదలండి. కారే చుక్కలో రంగు పోయిన క్షణంలోనే నీళ్ళు పోయాలి, మామూలుగా 10 నుంచి 15 సెకన్లు. మీ డీకలరైజర్‌లో అసిటోన్ ఉంటే రెండు మూడు సెకన్లే. సఫ్రనిన్ 30 నుంచి 60 సెకన్లు. అదే స్లైడు మీద ఎడమ పక్క స్టెఫైలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ 25923 (ఊదా రావాలి), కుడి పక్క ఇ. కొలై ఏటీసీసీ 25922 (గులాబీ రావాలి), మధ్యలో మీది. పక్కవి రెండూ సరైన రంగులో లేకపోతే మధ్యదాన్ని చదవకండి. అయోడిన్ సీసా రంగు లేతబడితే పారబోయండి. అయోడిన్ బలం తగ్గితే గ్రామ్ పాజిటివ్‌లు కూడా గులాబీకి తిరుగుతాయి.

పాత కల్చర్‌కి స్పోర్ (వేడికి తట్టుకునే విత్తనం లాంటి రూపం) స్టెయిన్ కూడా వేయండి: 5 శాతం మలకైట్ గ్రీన్, ఆవిరి మీద 5 నిమిషాలు, ఆరిపోకుండా పోస్తూ ఉండాలి. చల్లారాక నీళ్ళతో కడిగి సఫ్రనిన్ 30 సెకన్లు. ఆకుపచ్చ గింజలు (స్పోర్లు) కనిపిస్తే చాలావరకు బాసిల్లసే. నా ఓటు దానికే.

సఫ్రనిన్ · చెన్నై

వేపచెట్టు గారూ, గ్రామ్ గురించి మీరు చెప్పింది నిజమే గానీ ఈ కేసుకి అతకదు. టీఎస్ఐ లైను ఇంకోసారి చదవండి. అగర్ అడుగు నుంచి పైకి లేచిందంటే గ్యాస్ పుట్టినట్టు. బాసిల్లస్ సబ్‌టిలిస్ గ్లూకోజ్ నుంచి గ్యాస్ చేయదు. గ్యాస్‌తో పైనా కిందా పసుపు, నలుపు లేదు, ఇండోల్ లేదు, ఎంఆర్ లేదు, వీపీ ఉంది, సిట్రేట్ ఉంది, పైగా జిగట కాలనీ. ఈ వరస క్లెబ్సియెల్లా, ఎంటరోబాక్టర్ అనే గ్రామ్ నెగటివ్ పేగు బాక్టీరియా వైపు వేలు చూపిస్తోంది. పిండిలోకి అవి నీళ్ళ నుంచో, చేతుల నుంచో, కడగని గ్రైండరు నుంచో రావడంలో వింత లేదు.

అంటే గ్రామ్ తప్పు కాదు, 16ఎస్ కూడా తప్పు కాదు. డి3 అనే పేరు కింద ఇద్దరున్నారు. పొట్టి గులాబీ కడ్డీలు ఒకరు, పొడుగు ఊదా కడ్డీలు ఇంకొకరు. ఒకే జీవి రంగు మారితే పొడుగూ వెడల్పూ కూడా మారవు కదా.

ఆక్సిడేజ్ సంగతి. 1 శాతం టెట్రామిథైల్ రియేజెంటుతో 10 సెకన్లలోపు ముదురు ఊదా వస్తేనే పాజిటివ్. 25వ సెకనులో లేత నీలం అంటే నెగటివ్ అనే రాసుకోండి. అసలు నైక్రోమ్ లూప్ వాడకూడదు, అందులోని ఇనుము తనే రియేజెంటుని ఆక్సీకరించి రంగు తెస్తుంది. చెక్క పుల్ల గానీ ప్లాస్టిక్ లూప్ గానీ వాడండి. మెకాంకీ (పేగు బాక్టీరియాని ఎంచి పెంచే అగర్) లాంటి చక్కెర ఉన్న ప్లేటు నుంచి తీయకండి, ఆమ్లం వల్ల ఫలితం తప్పుతుంది. రియేజెంటు నీలంగా మారి ఉంటే ఆ రోజుకి టెస్టు లేదనుకోండి. కాటలేజ్ ఇక్కడ దేనికీ పనికిరాదు, ఇద్దరూ పాజిటివే.

ఇద్దరినీ విడదీయడం ఇలా. స్లాంట్ నుంచి ఒక లూపు 2 మి.లీ. స్టెరైల్ సెలైన్‌లో కలిపి రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని మెకాంకీ మీద గీయండి. అందులోని బైల్ సాల్టులు, క్రిస్టల్ వయొలెట్ బాసిల్లస్‌ని ఆపుతాయి, గులాబీ జిగట కాలనీలు వస్తే మీ మొదటి మనిషి దొరికినట్టే. రెండో భాగాన్ని 80 డిగ్రీల వాటర్‌బాత్‌లో 10 నిమిషాలు ఉంచి న్యూట్రియంట్ అగర్ మీద వేయండి. మామూలు కణాలు చస్తాయి, స్పోర్లు మిగులుతాయి. ఇక్కడ చాలామంది తప్పుతారు: సన్నటి ట్యూబు తీసుకోవాలి, బాత్‌లో నీటి మట్టం లోపలి ద్రవం కన్నా పైన ఉండాలి, పక్కన ఇంకో ట్యూబులో అంతే సెలైన్ పోసి థర్మామీటరు పెట్టి, అది 80 చూపించినప్పటి నుంచి లెక్క మొదలుపెట్టాలి. బాత్ డిస్‌ప్లే మీద అంకె చూసి లెక్కపెడితే లోపల 70 కూడా దాటి ఉండకపోవచ్చు.

మెకాంకీ మీద విడిగా కనిపించిన కాలనీని అక్కడితో శుద్ధం అనుకోకండి. ఆగిపోయిన బాసిల్లస్ చావదు, గులాబీ కాలనీ అడుగున కంటికి కనబడకుండా పడి ఉంటుంది. ఆ కాలనీని న్యూట్రియంట్ అగర్ మీదకి తెచ్చి రెండుసార్లు గీసి, మూడు రోజులు అలాగే ఉంచి చూడండి. పొడి కాలనీ ఒక్కటీ లేవకపోతే అప్పుడు శుద్ధం.

గ్రామ్ మీద అనుమానం ఉంటే 3 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ఒక చుక్కలో కాలనీ కలిపి 30 నుంచి 60 సెకన్లు తిప్పి లూపు మెల్లగా ఎత్తండి. గ్రామ్ నెగటివ్ అయితే గోడ పగిలి డీఎన్ఏ బయటికొచ్చి సన్నటి తీగలా సాగుతుంది. కానీ జిగట క్లెబ్సియెల్లా ఉట్టి నీళ్ళలో కూడా తీగ సాగచ్చు. అందుకే పక్కన నీటి చుక్కతో కూడా చేసి చూడాలి. 30 మైక్రోగ్రాముల వాంకోమైసిన్ డిస్క్ పెట్టినా తెలుస్తుంది: బాసిల్లస్ చుట్టూ వలయం వస్తుంది, క్లెబ్సియెల్లా డిస్క్ అంచు దాకా పెరుగుతుంది.

నల్లమల · బెంగళూరు

ఆ మబ్బుపట్టిన రెండు ట్యూబులని ఎవరూ పట్టించుకోలేదు. చెన్నైవాళ్ళకి తట్టదు లెండి, వాళ్ళది సముద్రమట్టం.

బెంగళూరు దాదాపు 920 మీటర్ల ఎత్తు. ఇక్కడి గాలి ఒత్తిడి సుమారు 13.2 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), చెన్నైలో 14.7. ఆటోక్లేవ్ గేజి చూపేది బయటి గాలి కన్నా లోపల ఎంత ఎక్కువో అంతే. గేజి మీద 15 అంటే చెన్నైలో లోపల మొత్తం 29.7, ఉష్ణోగ్రత 121. ఇక్కడ అదే 15కి మొత్తం 28.2, ఉష్ణోగ్రత 119 చిల్లర దగ్గర ఆగుతుంది. ఒకటిన్నర డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ పది డిగ్రీలు తగ్గితే స్పోర్లు చావడానికి పది రెట్ల సమయం పడుతుందన్న మామూలు లెక్క వేస్తే, మీ 15 నిమిషాలు 121 దగ్గర దాదాపు 10 నిమిషాలకే సమానం. గేజి 16.5 పీఎస్ఐకి, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 1.16 కిలోలకి తీసుకెళ్ళండి. సేఫ్టీ వాల్వు, పాత్ర దానికి సరిపోతాయో లేదో ముందు ప్లేటు మీద చూసుకోవాలి. సరిపోకపోతే 15 దగ్గరే ఉంచి సమయం 25 నిమిషాలకి పెంచండి.

అయినా ఎత్తు ఒక్కటే కారణమని నేను అనుకోను. లోపల గాలి మిగిలిపోవడం అంతకన్నా పెద్ద దొంగ. గాలి సగం మిగిలితే గేజి 15 చూపిస్తున్నా లోపల 112 డిగ్రీలే. నిలువు ఆటోక్లేవ్‌లో వెంట్ మూసే ముందు ఆవిరి ధారగా, ఆగకుండా, 5 నుంచి 10 నిమిషాలు పోవాలి. బుస్‌బుస్‌మని గాలి కలిసి వస్తుండగానే మూసేస్తారు, అక్కడే చెడుతుంది. ట్యూబులని డబ్బాలో కిక్కిరిసి పెట్టి మూత బిగించినా అంతే. అన్ని ట్యూబులూ కాకుండా రెండే మబ్బుపట్టాయంటే బహుశా డబ్బా మధ్యలోవే అయి ఉంటాయి. ఇంకొకటి, లీటరు ఫ్లాస్కు మధ్యభాగం వేడెక్కడానికి 10 మి.లీ. ట్యూబు కన్నా చాలా ఎక్కువ సేపు పడుతుంది. రెండూ కలిపి ఒకే సైకిల్‌లో పెట్టకండి.

నల్లగీతల టేపు ఆవిరి తగిలిందని మాత్రమే చెబుతుంది. గట్టిగా తేల్చుకోవాలంటే జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ స్పోర్ ఆంపూల్ డబ్బా మధ్యలో పెట్టి, తర్వాత 55 నుంచి 60 డిగ్రీల్లో ఇంక్యుబేట్ చేయండి. పక్కన ఆటోక్లేవ్ చేయని ఆంపూల్ ఒకటి ఉంచితేనే దానికి అర్థం.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మీ 16ఎస్‌లో వచ్చిన బాసిల్లస్ దోసెపిండిది కాకపోవచ్చు, మీ బ్రాత్‌దే కావచ్చు. ఉడికినా చావకుండా మిగిలేవి స్పోర్లే, బ్రాత్‌లో పెరిగే స్పోర్లంటే ఎక్కువగా బాసిల్లసే. మబ్బుపట్టిన ట్యూబులు ఇంకా ఉంటే అవి కూడా గీసి చూడండి.

ప్రైమర్‌డైమర్ · చెన్నై

క్రొమాటోగ్రామ్ కూడా ఇదే మాట చెబుతోంది. 16ఎస్ జన్యువు బాసిల్లస్ సబ్‌టిలిస్‌లో 10 కాపీలు, ఇ. కొలైలో 7. కాపీల మధ్య చిన్న తేడాల వల్ల ఒకటి రెండు చోట్ల జంట పీక్ రావడం సహజం. చాలాచోట్ల కింద చిన్న పీక్ అంటే రెండు జీవుల డీఎన్ఏ. సాఫ్ట్‌వేర్ పెద్ద పీక్‌ని మాత్రమే చదివి మీకు శుభ్రమైన అక్షరాలు ఇస్తుంది. 99.6 చూసి అందరూ మురిసిపోతారు గానీ పీక్ ఫైలు తెరిచి చూసేవాళ్ళు తక్కువ.

రెండు నెలలు ఎండుతున్న స్లాంట్‌లో గ్రామ్ నెగటివ్ తగ్గుతుంది, స్పోర్లు నిలుస్తాయి. దాని మీద లైసోజైమ్ స్టెప్ ఉన్న కిట్ వాడారు కాబట్టి బాసిల్లస్ గోడ కూడా బాగా తెగింది. ఉట్టి నీళ్ళలో మరిగించి తీసి ఉంటే క్లెబ్సియెల్లాయే పైకి తేలేదేమో. ఏది ఎక్కువ కనిపిస్తుందో నిర్ణయించేది చాలావరకు డీఎన్ఏ తీసే పద్ధతి.

శుద్ధ కల్చర్ దొరికాక మళ్ళీ చేసేటప్పుడు 95 డిగ్రీలు 5 నిమిషాలు; తర్వాత 94లో 30 సెకన్లు, 55లో 30 సెకన్లు, 72లో 90 సెకన్లు; 30 సైకిళ్ళు చాలు, 72లో చివరి 7 నిమిషాలు. సైకిళ్ళు 35 దాటించకండి. పీసీఆర్ చేసే టాక్ ఎంజైమ్‌ని ఇ. కొలైలో తయారుచేస్తారు కాబట్టి దాని డీఎన్ఏ జాడ ఉండొచ్చు, టెంప్లేటు (డీఎన్ఏ నమూనా) లేని ట్యూబులో కూడా బ్యాండ్ వచ్చి కొంప ముంచుతుంది. ఆ ఖాళీ ట్యూబుని జెల్‌లో తప్పక నడపండి. రెండు ప్రైమర్లతోనూ సీక్వెన్సింగ్ చేయించి, మొదటి 30 నుంచి 50 బేసులు కత్తిరించి, రెండిటినీ అతికితే దాదాపు 1,400 బేసులు వస్తాయి. బ్లాస్ట్‌లో టైప్ మెటీరియల్ (జాతికి ప్రమాణంగా ఉంచిన స్ట్రెయిన్లు) గడి టిక్ చేయండి. లేకపోతే ఎవరో తప్పుగా పేరు పెట్టి ఎక్కించిన సీక్వెన్సులతో పోల్చుకుంటూ కూర్చుంటారు.

జాతి పేరు సంగతి గైడ్ గారికి ఇలా చెప్పండి. 98.7 శాతం కన్నా తక్కువ వస్తే వేరే జాతి అనడానికి 16ఎస్ బాగా పనికొస్తుంది. ఎక్కువ వస్తే అదే జాతి అని మాత్రం అనలేం. సబ్‌టిలిస్, వెలెజెన్సిస్ మధ్య 16ఎస్ 99 శాతం పైన కలుస్తుంది. వాటిని విడదీయాలంటే గైరేజ్ జన్యువులు, జీవైఆర్ఎ గానీ జీవైఆర్‌బి గానీ చదవాలి. క్లెబ్సియెల్లా, ఎంటరోబాక్టర్ వైపు కూడా 16ఎస్ తడబడుతుంది, అక్కడ ఆర్‌పీఓబీ జన్యువు మేలు. అవి చేయకపోతే "బాసిల్లస్ సబ్‌టిలిస్ గ్రూపు" అని రాయడమే నిజాయితీ.

మాల్డి-టాఫ్ (ప్రోటీన్ల బరువుని బట్టి జీవిని గుర్తించే మెషిన్) అందుబాటులో ఉంటే శుద్ధ కాలనీకి 70 శాతం ఫార్మిక్ ఆమ్లం 1 మైక్రోలీటరు, ఆరాక హెచ్‌సీసీఏ మ్యాట్రిక్స్ 1 మైక్రోలీటరు. బ్రూకర్ మెషిన్‌లో స్కోరు 2.0 పైన అయితే జాతి, 1.7 నుంచి 1.99 అయితే ప్రజాతి (జీనస్) వరకే. స్పోర్లు కట్టిన ముదురు బాసిల్లస్‌తో స్కోరు పడిపోతుంది, 18 నుంచి 24 గంటల కాలనీయే పెట్టండి.

దోసెపిండి_డి3 · బెంగళూరు

అందరికీ ధన్యవాదాలు. చేసి చూశాను. స్లాంట్‌ని 80 డిగ్రీల్లో వేడిచేసిన భాగంలో పొడి, ముడతల కాలనీలే వచ్చాయి. 18 గంటలకి గ్రామ్ చేస్తే అంతా ఊదా. వేడిచేయని భాగంలో మెకాంకీ మీద గులాబీ జిగట కాలనీలు, గ్రామ్‌లో గులాబీ. కేఓహెచ్‌లో తీగ సాగింది, నీటిలో సాగలేదు. ప్లాస్టిక్ లూప్‌తో ఆక్సిడేజ్ 10 సెకన్లలో ఏమీ లేదు. 37 డిగ్రీల్లో మెత్తటి అగర్‌లో గీత దాటి పాకలేదు. యూరియేజ్ మరుసటి రోజుకి మెల్లగా గులాబీ అయింది.

మబ్బుపట్టిన ట్యూబులు పారేశాను, కాబట్టి బాసిల్లస్ ఎక్కడిదో తెలియదు. ఇప్పుడు పాత ఫలితాల్లో ఏవి ఉంచుకోవచ్చు?

సఫ్రనిన్ · చెన్నై

ఏదీ ఉంచుకోకండి. వీపీ ఇద్దరిలోనూ పాజిటివ్ వస్తుంది, సిట్రేట్ కూడా. ఎవరు ఇచ్చిన రంగో చెప్పలేం. జిగటదాన్ని డి3-అ, పొడిదాన్ని డి3-ఆ అని కొత్త నంబర్లు ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టండి.

డి3-అ కదలకపోవడం, యూరియేజ్ మెల్లగా రావడం, ఇండోల్ కూడా నెగటివ్‌గానే వస్తే క్లెబ్సియెల్లా న్యుమోనియే కాంప్లెక్స్ అనొచ్చు. ఇండోల్ పాజిటివ్ వస్తే క్లెబ్సియెల్లా ఆక్సిటోకా వైపు. ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ తప్పక పెట్టండి: న్యుమోనియేలో నెగటివ్, ఎంటరోబాక్టర్ క్లోయకేలోనూ క్లెబ్సియెల్లా ఏరోజెనెస్‌లోనూ పాజిటివ్. ఈ టెస్టు చేసే మోలర్ బ్రాత్ మీద స్టెరైల్ మినరల్ ఆయిల్ పోయాలి. గ్లూకోజ్ వల్ల ముందు పసుపు అవుతుంది, ఆ తర్వాతే ఊదాకి తిరుగుతుంది, కాబట్టి 24 గంటల్లోపు చదివి నెగటివ్ అనకండి. అమైనో ఆమ్లం లేని పక్క ట్యూబు పసుపుగా ఉంటేనే లెక్క.

వీపీకి 1 మి.లీ. బ్రాత్‌లో ముందు 5 శాతం ఆల్ఫా నాఫ్తాల్ 0.6 మి.లీ., తర్వాత 40 శాతం కేఓహెచ్ 0.2 మి.లీ. వరస తారుమారైతే రంగు లేతగా వస్తుంది. గాలి అందేలా బాగా కుదిపి 15 నిమిషాలు ఆగండి. గంట దాటాక వచ్చే రాగి రంగు పాజిటివ్ కాదు. మీ ఊళ్ళో రూమ్ టెంపరేచర్ అంటే హాయిగా ఉంటుంది, మాకు మే నెలలో గదే ఇంక్యుబేటర్, రియేజెంట్లు ఫ్రిజ్ నుంచి తీసి బల్ల మీద మరిచిపోతే అయిపోయినట్టే.

వేపచెట్టు · బెంగళూరు

నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను, టీఎస్ఐ గ్యాస్ చూడకుండా రాశాను.

డి3-ఆకి ఇండోల్, ఎంఆర్, సిట్రేట్ అంటూ పేగు బాక్టీరియా వరస వేయకండి. దానికి పిండి పదార్థం విరుగుడు, కేసీన్, 7 శాతం ఉప్పు, గాలి లేకుండా పెరుగుదల, అరబినోస్, జైలోస్, మానిటాల్ పెట్టండి. బాసిల్లస్‌కి వీపీ బ్రాత్‌లో ఫాస్ఫేటు బదులు ఉప్పు వాడాలి: లీటరుకి ప్రోటియోస్ పెప్టోన్ 7 గ్రాములు, గ్లూకోజ్ 5, ఉప్పు 5. ఫాస్ఫేటు ఉంటే కొన్ని జాతులు అసిటాయిన్ చేయవు.

తినే వస్తువు కాబట్టి సబ్‌టిలిసా వెలెజెన్సిసా అన్న తగువు కన్నా ముందు బాసిల్లస్ సెరియస్ (తిండి విషమయ్యేలా చేసేది) కాదని చూపించాలి. 16ఎస్ కాదంటోంది గానీ అది మిశ్రమం మీద వచ్చిన ఫలితం. ఎంవైపీ అగర్ (మానిటాల్, గుడ్డుసొన, పాలిమిక్సిన్ ఉన్నది) మీద 30 డిగ్రీల్లో 24 గంటలు చూడండి. సెరియస్ మానిటాల్ వాడదు, గుడ్డుసొనలోని లెసిథిన్‌ని విరుస్తుంది: గులాబీ కాలనీ, చుట్టూ తెల్లటి మసక వలయం. పసుపు కాలనీ, వలయం లేకపోతే సబ్‌టిలిస్ గ్రూపుకి సరిపోతుంది. పాలిమిక్సిన్ వల్ల అసలు పెరగకపోయినా కంగారు పడకండి. తెలిసిన సెరియస్ ఒకటి పక్క ప్లేటులో ఉంచండి, గుడ్డుసొన పాతదైతే వలయం ఎవరికీ రాదు.

నల్లమల · బెంగళూరు

టెస్టుల కన్నా ముందు ఈ పూటే రెండిటికీ విడివిడిగా 20 శాతం గ్లిసరాల్ స్టాక్ చేసి మైనస్ 80లో పెట్టండి, ఒక్కోటి రెండు వయల్స్. గ్లిసరాల్‌ని విడిగా ఆటోక్లేవ్ చేసి, రెండు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి తేటగా ఉంటేనే వాడండి. పాత డి3 స్లాంట్ మీద "మిశ్రమం" అని రాసి అలాగే ఉంచండి. ఇకమీద మబ్బుపట్టిన ఖాళీ ట్యూబులు పారేయడానికి ముందు ఒక లూపు గీసిపెట్టండి.